ఫ్రీక్వెన్సీ లెక్కలో మన మోటారు ఎక్కడుంది?

(రైతు సంఘం జిల్లా శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



కరెంటు మీద మనం చాలా సభలు పెట్టుకున్నాం. ఇచ్చే గంటల మీద, లో వోల్టేజి మీద, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ల మీద మాట్లాడుకున్నాం. ఈసారి తరగతుల్లో గ్రిడ్ ఫ్రీక్వెన్సీ గురించి మాట్లాడాలని కమిటీ నిర్ణయించింది. "అది ఇంజనీర్ల గొడవ కదా, మనకెందుకు?" అని కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ నారుమడి ఎండుతోందని సబ్‌స్టేషన్‌కు వెళ్లి అడిగితే వచ్చే జవాబుల్లో ఇదొకటి: "గ్రిడ్ ఫ్రీక్వెన్సీ పడిపోయింది, పైనుంచి ఆర్డరు వచ్చింది." ఆ మాట వినగానే ఇంకేం అడగాలో తెలియక తిరిగి వచ్చేస్తాం. అది ఎప్పుడు నిజమో, ఎప్పుడు సాకో తెలియాలంటే ఫ్రీక్వెన్సీ అంటే ఏమిటో, దాన్ని ఎలా లెక్కగడతారో మనకు తెలియాలి. మేం ఇంజనీర్లం కాదు, హైస్కూలు చదువుతో మడి దున్నినవాళ్లం. అయినా ఇందులో మనకు అర్థం కానిదేమీ లేదు. ఇంజను నడిపిన ప్రతి రైతుకూ సగం విషయం ముందే తెలుసు.

ఆయిల్ ఇంజను చెప్పే పాఠం

పెద్దవాళ్లకు ఆయిల్ ఇంజను గుర్తుండే ఉంటుంది. ఇంజను ఒక వేగంతో తిరుగుతుంటుంది. బెల్టు తగిలించి పంపు మీద బరువు వేయగానే ఒక్క క్షణం ఇంజను మూలుగుతుంది, వేగం తగ్గుతుంది. వెంటనే గవర్నర్ డీజిల్ ఎక్కువ వదులుతుంది, వేగం మళ్లీ నిలదొక్కుకుంటుంది. బెల్టు ఊడిపోతే ఇంజను ఒక్కసారిగా ఎగిసిపడుతుంది. ఈ రెండు సందర్భాల్లోనూ కుదుపు మరీ గట్టిగా తగలకుండా ఆపేది పక్కనున్న బరువైన ఫ్లైవీలు.

దేశం గ్రిడ్ కూడా అంతే. థర్మల్ కేంద్రాల్లో, జల విద్యుత్ కేంద్రాల్లో తిరిగే జనరేటర్లన్నీ ఒకే తాళంలో తిరుగుతాయి. ఆ తాళమే ఫ్రీక్వెన్సీ. మన దేశంలో అది సెకనుకు 50 సార్లు, అంటే 50 హెర్ట్జ్. తయారయ్యే కరెంటు, వాడే కరెంటు సమానంగా ఉన్నంతసేపు 50 దగ్గర నిలుస్తుంది. వాడకం పెరిగితే తగ్గుతుంది, వాడకం తగ్గితే పెరుగుతుంది. జనరేటర్ల బరువైన చక్రాలే ఫ్లైవీలు. వాటికీ గవర్నర్లు ఉన్నాయి. ఇప్పుడు గ్రిడ్ కోడ్ ప్రకారం ఫ్రీక్వెన్సీ 49.90కీ 50.05కీ మధ్య ఉండాలి. గ్రిడ్ నిర్వహించే సంస్థల వెబ్‌సైట్లలో ఆ నిమిషపు అంకె కనిపిస్తుంది. ఫోన్ ఉన్న ఎవరైనా చూడొచ్చు.

తొంభైల చివర్లో మన దక్షిణాది గ్రిడ్ గంటల తరబడి 48.5 కన్నా కింద నడిచేది. 2003 జనవరి 1 నుంచి దక్షిణాదిలో కొత్త పద్ధతి వచ్చింది. ఫ్రీక్వెన్సీ తక్కువగా ఉన్నప్పుడు తన వాటాకు మించి లాగిన రాష్ట్రం ఎక్కువ రేటు కట్టాలి. దాంతో పరిస్థితి మెరుగుపడింది. 2013 డిసెంబరు 31న రాయచూరు - షోలాపూరు 765 కేవీ లైనుతో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో ఒకే తాళంలో కలిసింది. ఇప్పుడు వెయ్యి మెగావాట్ల ఉత్పత్తి హఠాత్తుగా ఆగిపోయినా ఫ్రీక్వెన్సీ ఒక హెర్ట్జ్‌లో పదో వంతు, అటూ ఇటూగా, మాత్రమే తగ్గుతుంది. గ్రిడ్ పెద్దదైన కొద్దీ ఫ్లైవీలు బరువెక్కుతుంది.

ఫ్రీక్వెన్సీ వేరు, వోల్టేజి వేరు

ఈ తేడా అందరూ గట్టిగా పట్టుకోవాలి. ఫ్రీక్వెన్సీ కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా దాదాపు ఒకటే అంకె. వోల్టేజి ఊరూరికీ, ట్రాన్స్‌ఫార్మర్ ట్రాన్స్‌ఫార్మర్‌కూ మారుతుంది. చిట్టచివరి స్తంభం దగ్గర మోటారు కాలిపోయిందంటే దానికి మామూలుగా కారణాలు లో వోల్టేజి, ఒక ఫేజు పోవడం, ట్రాన్స్‌ఫార్మర్ మీద దాని శక్తికి మించిన లోడు. ఇవన్నీ స్థానికంగా సరిచేయాల్సిన పనులు. ఎవరైనా "ఫ్రీక్వెన్సీ బాగోలేక మీ మోటార్లు కాలాయి" అంటే, ఆ పూట అంకె ఎంతో అడగండి. అది 49.9 దగ్గరే ఉంటే ఆ జవాబు నిలవదు.

ఫ్రీక్వెన్సీ నిజంగా పడిపోతే మన మోటారు ఏం చేస్తుంది? వేగం తగ్గి తిరుగుతుంది. 50 నుంచి 48కి వస్తే వేగం నూటికి నాలుగు పాళ్లు తగ్గుతుంది. పంపు నీళ్లను ఎత్తగలిగే ఎత్తు నూటికి ఎనిమిది పాళ్ల దాకా తగ్గుతుంది. పంపు లాగే కరెంటు శక్తి పదకొండు పాళ్లకు పైనే తగ్గుతుంది. లోతు బోరు ఉన్న రైతుకు వేగం కన్నా ఎత్తు తగ్గడమే దెబ్బ. పైకొచ్చే ధార సన్నబడుతుంది. ఇందులో రెండో సంగతి ఒకటుంది. గ్రిడ్ కష్టంలో ఉన్నప్పుడు మన మోటారు తనంతట తానే తక్కువ లాగుతోంది. ఎవరూ ఆర్డరు ఇవ్వకుండానే మన నీళ్లు తగ్గించుకుని గ్రిడ్‌కు ఊతమిస్తోంది. గ్రిడ్ లెక్కలు కట్టే ఇంజనీర్లు దీన్ని తమ సమీకరణాల్లో పెట్టుకుంటారు. రైతు మోటారు గ్రిడ్‌కు బరువు అని మాట్లాడేవాళ్లు మాత్రం ఈ ముక్క చెప్పరు.

లెక్క ఎలా కడతారు?

గ్రిడ్ ఫ్రీక్వెన్సీ ఎలా ఊగుతుందో ముందుగా అంచనా వేయడానికి శాస్త్రజ్ఞులు ఒక నమూనా తయారు చేస్తారు. అందులో మూడు సంగతులుంటాయి: ఫ్లైవీలు ఎంత బరువు, గవర్నర్లు ఎంత త్వరగా స్పందిస్తాయి, లోడు ఎలా మారుతుంది. మొదటి రెండూ యంత్రాల సంగతి, కొలవొచ్చు. మూడోదే చిక్కు. లక్షల మంది ఎవరెప్పుడు స్విచ్ వేస్తారో ఎవరికి తెలుసు?

ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక ప్రాంతంలో పదివేల మోటార్లున్నాయి, ఒక్కొక్కటి 5 హెచ్‌పీ. అన్నీ నడిస్తే సుమారు 37 మెగావాట్లు. ఇప్పుడు ఏ రైతు వీలును బట్టి ఆ రైతు వేసుకుంటున్నాడు, ఏ సమయంలో చూసినా సగం మోటార్లు నడుస్తున్నాయి అనుకుందాం. ఒకరు ఆపుతుంటే ఇంకొకరు వేస్తారు. హెచ్చుతగ్గులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. నడిచే మోటార్ల సంఖ్య ఇరవైసార్లు చూస్తే పంతొమ్మిదిసార్లు 4,900కీ 5,100కీ మధ్యే ఉంటుంది. అంటే ఊగిసలాట నూరు మోటార్లు, ఒక మెగావాటులో సగం కూడా లేదు. గ్రిడ్‌కు అది దోమ వాలినట్టు.

అదే పదివేల మోటార్లకు ఉదయం ఒకే గంటకు కరెంటు వదిలారనుకోండి. ప్రతి బోరు దగ్గరా ఆటో స్టార్టర్ ఉందనుకోండి. ఒక్క నిమిషంలో 37 మెగావాట్లు మీద పడతాయి. మోటారు నేరుగా లేచేటప్పుడు మామూలు కన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది కాబట్టి ఆ మొదటి క్షణాల దెబ్బ ఇంకా ఎక్కువ. మన ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు ఎగిరేది అప్పుడే.

రెండు లెక్కల్లోనూ మోటార్లు అవే, రైతులు వాళ్లే, వాడిన యూనిట్లలోనూ పెద్ద తేడా లేదు. తేడా అంతా ఒకేసారి వేయడంలో ఉంది. ఒకేసారి వేసే నిర్ణయం ఎవరిది? బోరు దగ్గర నిద్ర కాచే రైతుది కాదు. ఫీడరు ఎప్పుడు ఎక్కించాలి, ఎప్పుడు దించాలి అన్నది పైన కూర్చుని వేసే టైం టేబులు. ఈరోజు మేం చెప్పదలచుకున్న ముఖ్య విషయం ఇదే. గ్రిడ్‌ను కుదిపేది మన వాడకం కాదు, మన వాడకాన్ని గుంపుగా కట్టి ఒకే గడియకు తోసే పద్ధతి.

ఇది మన సొంత వాదన మాత్రమే అనుకోవద్దు. 2018లో జర్మనీ, బ్రిటన్, జపాన్ శాస్త్రవేత్తలు కొందరు వివిధ దేశాల గ్రిడ్ల ఫ్రీక్వెన్సీ రికార్డులు పరిశీలించి పరిశోధన ప్రచురించారు. పెద్ద పెద్ద ఊపులు మామూలు లెక్క చెప్పేదానికన్నా ఎక్కువసార్లు వస్తున్నాయని తేల్చారు. యూరప్‌లో అందుకు ఒక ముఖ్య కారణం కరెంటు వ్యాపారమని గమనించారు. అక్కడ కరెంటు పావుగంట ముక్కలుగా అమ్ముతారు. ముక్క మారే క్షణంలో ఉత్పత్తి కేంద్రాలు ఒక్కసారిగా తమ ఉత్పత్తి మారుస్తాయి, ఫ్రీక్వెన్సీ ఊగుతుంది. మన దగ్గర కూడా రోజును పావుగంట చొప్పున 96 ముక్కలు చేసి షెడ్యూలు వేస్తారు. గడియారం చూసి అందరూ ఒకేసారి కదిలే చోట కుదుపు తప్పదు. అక్కడ వ్యాపారులు, ఇక్కడ ఫీడర్లు.

రెండు పాత సంఘటనలు

2012 జూలై 30 తెల్లవారుజామున 2 గంటల 33 నిమిషాలకు ఉత్తర భారత గ్రిడ్ కూలింది. మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కూలాయి. ఆ ఏడాది ఉత్తరాదిన వానలు వెనకబడ్డాయి, రైతులు మోటార్లు ఎక్కువ నడిపారు. దాంతో తప్పంతా రైతుదేనన్నట్టు చాలామంది మాట్లాడారు. విచారణ కమిటీ నివేదిక ఏం చెప్పింది? కూలడానికి ముందు ఫ్రీక్వెన్సీ మొదటిరోజు 49.68, రెండోరోజు 49.84. అంటే గ్రిడ్ మొత్తంగా కరెంటు లేక కూలిపోలేదు. చాలా లైన్లు అప్పటికే ఆగి ఉన్నాయి. మిగిలిన బీనా - గ్వాలియర్ లైను మీద మోయలేని బరువు పడింది. దాని రక్షణ పరికరం సరిగ్గా పనిచేయక లైను తెగింది. రాష్ట్రాలు వాటాకు మించి లాగిన మాటా, తగ్గించమన్న ఆదేశాలు సరిగ్గా పాటించని మాటా నివేదికలో ఉన్నాయి. అది దాచక్కర్లేదు. అయితే వాటాను అదుపు చేయాల్సిన బాధ్యత రాష్ట్ర లోడ్ డిస్పాచ్ కేంద్రాలది. పొలంలో ఉన్న రైతుకు తన రాష్ట్రం వాటా ఎంతో ఎవరు చెప్పారు?

రెండోది అందరికీ గుర్తుండేది. 2020 ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు 9 నిమిషాలపాటు ఇళ్లలో దీపాలు ఆర్పమన్నారు. వాడకం 12, 13 వేల మెగావాట్ల దాకా తగ్గవచ్చని ముందు అంచనా వేశారు. నిజానికి తగ్గింది 31 వేల మెగావాట్లు. అంచనాకు రెండింతలు దాటింది. అయినా గ్రిడ్ నిలబడింది. ఫ్రీక్వెన్సీ 49.70కీ 50.26కీ మధ్యే ఆగింది. ముందే సమయం తెలుసు కాబట్టి జల విద్యుత్ కేంద్రాలను సిద్ధంగా ఉంచారు. 17 వేల మెగావాట్లకు పైగా జల విద్యుత్తును నిమిషాల్లో తగ్గించి, మళ్లీ నిమిషాల్లో పెంచారు.

ఇందులోంచి రెండు పాఠాలు తీసుకుందాం. ప్రజలు ఎంత వాడుతున్నారో సరైన కొలత లేకపోతే ఎంత గొప్ప నమూనా అయినా తప్పు చెబుతుంది. ముందుగా తెలిసి, ముందుగా ఏర్పాట్లు చేసుకుంటే అంత పెద్ద మార్పును కూడా తట్టుకోవచ్చు. తొమ్మిది నిమిషాల దీపాల కోసం చేయగలిగిన ఏర్పాటు, ప్రతిరోజూ జరిగే సేద్యపు కరెంటు కోసం ఎందుకు చేయలేరు?

రేపటి సంగతి

రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి నలభై లక్షలకు పైగా వ్యవసాయ కనెక్షన్లున్నాయి. ఒక్కొక్కటి 5 హెచ్‌పీ అని లెక్క వేసినా, అన్నీ నడిస్తే 15 వేల మెగావాట్ల దరిదాపు. అన్నీ ఒకేసారి నడవవు. కానీ ఎన్ని నడుస్తున్నాయో సరిగ్గా తెలియాలి కదా? విడి మోటార్లకు మీటర్లు లేనిచోట కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర నమూనాగా కొలిచి, మిగతాదంతా అంచనా కడతారు. ఆ అంచనా మీదే రేపటి కొనుగోలు, ఆ కొనుగోలు మీదే మనకిచ్చే గంటలు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. గ్రిడ్ లెక్క సరిగ్గా రావాలంటే ప్రతి బోరుకూ మీటరు పెట్టాల్సిందేనని కొందరంటారు. ఫ్రీక్వెన్సీ లెక్కకు అది అవసరం లేదు. ఒక్క మోటారు సంగతి గ్రిడ్‌కు పట్టదు. ఫీడరు మొత్తం ఏ నిమిషంలో ఎంత లాగిందో తెలిస్తే చాలు. సబ్‌స్టేషన్‌లో ఫీడరుకు మీటరు ఉంటే ఆ లెక్క వస్తుంది. బోరు మీటరు బిల్లు సంగతి, ఫీడరు మీటరు గ్రిడ్ సంగతి. రెండింటినీ కలగలిపి మాట్లాడితే విడదీసి అడగండి.

సోలారు పెరుగుతోంది. సోలారు ప్లాంటులో తిరిగే చక్రం లేదు, కాబట్టి ఫ్లైవీలు బరువు కొంత తగ్గుతుంది. పొద్దున ఎండెక్కేకొద్దీ ఉత్పత్తి పెరుగుతుంది, సాయంత్రం గబగబా దిగిపోతుంది. ఆ సమయంలోనే పట్టణాల్లో దీపాలు వెలుగుతాయి. ఈ లెక్కలో మధ్యాహ్నం పూట ఎక్కువగా ఉన్న కరెంటును వాడుకోగల పెద్ద లోడు ఏది? మన సేద్యమే. పగటి కరెంటు కావాలని మనం ఏళ్లుగా అడుగుతున్నాం. రాత్రిళ్లు పాము కాటుకు, షాకుకు మనవాళ్లు పోతుంటే అడిగాం. అప్పట్లో అది రైతుల గొంతెమ్మ కోరికలా కనిపించింది. ఇప్పుడు గ్రిడ్‌కు కూడా అదే మేలు. కాబట్టి పగటి కరెంటు ఇచ్చి దయ చేశామని ఎవరూ అనక్కర్లేదు. ఇద్దరి అవసరమూ తీరుతోంది.

మనం అడగాల్సినవి

మొదటిది. వ్యవసాయ ఫీడర్లన్నీ ఒకే గడియకు ఎక్కించొద్దు. ఒక సబ్‌స్టేషన్‌లో ఆరు ఫీడర్లుంటే ఐదేసి నిమిషాల తేడాతో ఎక్కిస్తే పాతిక నిమిషాల్లో అయిపోతుంది. చివర ఎక్కిన ఫీడరుకు ఆ పాతిక నిమిషాలు ఆఖర్లో కలపాలి. రాష్ట్రమంతటా సబ్‌స్టేషన్ల మధ్య కూడా ఇలాంటి తేడా ఉండాలి. దీనికి పెద్ద ఖర్చు లేదు.

రెండోది. ఫ్రీక్వెన్సీ మరీ పడిపోయినప్పుడు, 49 చుట్టుపక్కలకు వచ్చేసరికి, గ్రిడ్‌ను కాపాడటానికి కొన్ని ఫీడర్లు రిలేలతో మెట్లు మెట్లుగా వాటంతటవే తెగిపోతాయి. ఈ ఏర్పాటు ఉండాల్సిందే. గ్రిడ్ మొత్తం కూలితే మనకూ నష్టమే. కానీ ఆ జాబితాలో ఏ ఫీడర్లున్నాయో బయటపెట్టాలి. ఆసుపత్రులు, తాగునీటి పథకాలు మినహాయిస్తే భారం అందరి మధ్యా వంతులవారీగా తిరగాలి. ఎప్పుడూ పల్లె ఫీడరే ముందు తెగితే అది ఇంజనీరింగ్ కాదు, వివక్ష.

మూడోది. ఫ్రీక్వెన్సీ పేరుతో కోత పెట్టినప్పుడు తేదీ, సమయం, అప్పటి అంకె సబ్‌స్టేషన్ పుస్తకంలో రాసి రైతు అడిగితే చూపాలి. కోసిన గంటలు తిరిగి ఇవ్వాలి.

నాలుగోది. ఫీడర్లవారీ లోడు లెక్కలు ప్రజలకు అందుబాటులో ఉంచాలి. మన పేరుతో చూపే యూనిట్లు మనకు తెలియాలి.

మనం చేయాల్సినవి

అడగడంతోనే సరిపోదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా ప్రచారం చేశారు. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో ఆటో స్టార్టర్ పెట్టుకోవడం రైతు అవసరం, అందులో తప్పు లేదు. నమ్మకంగా కరెంటు వచ్చే చోట మాత్రం అది మన ట్రాన్స్‌ఫార్మర్‌కే శత్రువు. వేళ తప్పకుండా కరెంటు ఇస్తామని రాతపూర్వకంగా ఒప్పుకున్న ఫీడర్లలో ఆటో స్టార్టర్లు మనమే తీసేద్దాం. కెపాసిటర్ పాడైతే మార్చుకుందాం. ఫ్రీక్వెన్సీకి దాంతో సంబంధం లేకపోయినా చివరి స్తంభం దగ్గర వోల్టేజి నిలుస్తుంది, పక్క రైతు మోటారు బతుకుతుంది.

ఇక ప్రతి గ్రామ కమిటీకీ ఒక పని. ఒక నోటుబుక్కు పెట్టండి. నెల రోజులపాటు త్రీఫేజు కరెంటు ఎన్ని గంటలకు వచ్చింది, ఎన్ని గంటలకు పోయింది, పోయినప్పుడు ఫోనులో ఫ్రీక్వెన్సీ అంకె ఎంత ఉంది, అడిగితే ఏం కారణం చెప్పారు – ఈ నాలుగూ రాయండి. చదువుకునే పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్లకు అప్పగించండి. కరెంటు చార్జీల ప్రతిపాదనలపై విద్యుత్ నియంత్రణ మండళ్లు జరిపే బహిరంగ విచారణల్లో రైతు కూడా అభ్యంతరం దాఖలు చేయొచ్చు, నిలబడి మాట్లాడొచ్చు. అక్కడ ఆవేశంగా మాట్లాడితే విని ఊరుకుంటారు. తేదీలు, అంకెలు ఉన్న నోటుబుక్కు బల్ల మీద పెడితే జవాబు చెప్పక తప్పదు.

మొదటి నోటుబుక్కులను వచ్చే నెల మండల కమిటీ సమావేశానికి తీసుకురండి. అన్నీ కలిపి పట్టిక వేద్దాం. ఏ ఊళ్లో ఎన్ని కోతలకు ఫ్రీక్వెన్సీ నిజమైన కారణమో, ఎన్నింటికి సాకో అప్పుడు మనమే చెప్పగలం.